లేపగలిగినంత బరువు

పొద్దున ఆరింటికి ఆ ఇంట్లో ఆమె ఇస్త్రీ చేసేవి రెండు: భర్త చొక్కా, భర్త మనసు. చొక్కాకి పది నిమిషాలు చాలు. మనసుకి ఎంతసేపు పడుతుందో ఏ రోజుకారోజు చూసుకోవాల్సిందే. రాత్రి సరిగా నిద్ర పట్టిందా, ఆఫీసులో పైఅధికారితో చిటపటలేమైనా ఉన్నాయా, నిన్న కూరలో ఉప్పెక్కువైన సంగతి ఇంకా గుర్తుందా, ఇవన్నీ అతని ముఖంలో చదువుకుని, ఏ మాట ఎత్తాలో ఏది మింగాలో తేల్చుకుని, చెప్పులేసుకుంటూ అప్పుడే గుర్తొచ్చినట్టు అడిగేది. "ఏమండీ, నన్ను వంతెన దాకా దింపుతారా?"

ఏడేళ్లుగా ఆమె రోజూ అడుగుతున్నదే, అతను రోజూ దింపుతున్నదే. అయినా అడగకుండా బండెక్కితే ఊరుకోడు. ఒకసారి అలాగే ఎక్కి కూర్చుంటే, "నేనేమన్నా నీకు డ్రైవర్నా? ఒక మాట అడగొచ్చుగా," అని వంతెన దాకా సణుగుతూనే ఉన్నాడు. చెడ్డవాడని కాదు. దింపననడు, కేకలెయ్యడు. ఉత్తినే, అడిగించుకోవడం ఇష్టం. అలాంటి మనిషితో కాపురం చేస్తే, వంటా గిన్నెలూ బట్టలూ కాక ఈ అడగడమనేది విడిగా ఒక పని అవుతుందని అతనికి తెలీదు. ఎలా తెలుస్తుంది, అతను ఎప్పుడూ ఎవర్నీ ఏదీ అడగలేదాయె.

వంతెన దగ్గర ఇంకో బండి, ఇంకో మనిషి. పైపుల విభాగంలో పనిచేసే ఆయన. ఆఫీసులో అందరూ ఆయన్ని జోకులాయన అంటారు. ఆమెది నీటి పరీక్షల విభాగం. కొండ మీది ఊటల దగ్గరా, బావుల దగ్గరా, వీధి కుళాయిల దగ్గరా సీసాల్లో నీళ్లు పట్టి, ఐస్ పెట్టెలో సర్ది, ఆరు గంటల్లోపు ల్యాబ్‌కి చేర్చాలి. ఆరు గంటలు దాటితే నీళ్లలో క్రిములు పెరిగిపోయి పరీక్ష తప్పు చూపిస్తుంది. అప్పుడా సీసాలు పారబొయ్యడమే. పైపులు చూడ్డానికి జోకులాయన వెళ్లేదీ ఆ కొండకే కాబట్టి, ఒళ్లో ఐస్ పెట్టె పెట్టుకుని ఆమె ఆయన వెనక కూర్చుని వెళ్లేది.

ఆయనా చెడ్డవాడు కాదు. కానీ జోకులకి నవ్వాలి. ఆరుసార్లు విన్న జోకుకి ఏడోసారి కూడా, అదీ గాలికి వినపడేంత గట్టిగా నవ్వాలి. నవ్వకపోతే, "ఏంటి మేడమ్, ఇవాళ మూడ్ బాలేదా? ఇంట్లో సార్ ఏమన్నా అన్నారా?" అని తవ్వడం మొదలెడతాడు. ఆ తవ్వకం కన్నా నవ్వే నయం. ఇంత నవ్వినా, ఆయన పైపుల పని అయిపోగానే ఆమె పని కూడా అయిపోయినట్టే లెక్క. "పైన ఇంకా రెండు ఊటలున్నాయండీ," అంటే, "రెండు సీసాలు తగ్గితే కొంపలేం మునగవు మేడమ్, ఎక్కండి," అనేవాడు. ఎక్కేది. సాయంత్రం ఫారంలో ఆ రెండు ఊటల ఎదురుగా 'దారి బాలేదు' అని రాసేది. దారి బాగానే ఉండేది. అలా రాసిన ప్రతిసారీ ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసేది.

ఎందుకంటే ఆ ఊటల సంగతి ఆమెకి తెలుసు. నాలుగేళ్ల కిందట పై ఊట నీళ్లలో తేడా కనిపెట్టింది ఆమే. ఊట పైన ఎవరో పశువుల పాక కట్టారు. పాక మార్పించాక, ఆ నీళ్లు తాగే వాడలో పిల్లలకి నెలకోసారి వచ్చే విరేచనాలు ఆగిపోయాయి. ఎవరూ ఆమెకి దండ వెయ్యలేదు గానీ, ఒక ముసలావిడ మాత్రం చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఈ ఉద్యోగంలో తన పని తనకి కనపడేది ఆ కొండ మీదే.

ఆ కొండకే ఎసరొచ్చింది. అధికారి పిలిచి, "వచ్చే నెల నుంచి కొండ రౌండు సొంత బండి ఉన్నవాళ్లకేనమ్మా. ఒకరి మీద ఆధారపడితే పని సాగట్లేదు. మీకేం ఇబ్బంది లేదులెండి, రికార్డుల గదిలో ఫ్యాను కింద హాయిగా కూర్చోవచ్చు," అన్నాడు. ఆమె కన్నా పదేళ్లు చిన్నవాడు. ఆమెకి మేలు చేస్తున్నాననే అనుకుంటున్నాడు. రికార్డుల గదిలో ఇంతకుముందు వేసిన ఇద్దరూ ఆడవాళ్లే. ఇద్దరూ ఇప్పటికీ అక్కడే ఉన్నారు, ఊరి మ్యాపు మర్చిపోయి.

"నేను బండి కొనుక్కుంటాను సార్," అంది ఆమె.

స్కూటర్ పనికిరాదని ఆమెకి ముందే తెలుసు. మరిది స్కూటర్ అడిగి ఒకరోజు కొండెక్కింది. చిన్న చక్రాలు కంకర మీద జారిపోయాయి, రాళ్లకి అడుగుభాగం గీసుకుపోయింది, ఆ గీతకి మరిది వారం రోజులు మొహం గంటు పెట్టుకున్నాడు. కావలసింది తారు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు సుఖంగా వెళ్లి, ఆ తర్వాత మట్టిదారిలో ఆరు కిలోమీటర్లు మొరాయించకుండా ఎక్కేది. ముందు చక్రం పెద్దది, కింద ఎత్తు ఎక్కువ, ధర ఆమె జీతానికి లొంగేది. అడ్వెంచర్ బైకులంటారట వాటిని. గేర్లు ఆమెకి కొత్త కాదు. పెళ్లికి ముందు అన్నయ్య కాలు విరిగి మూడు నెలలు మంచాన పడితే, వాడి బండి మూలపడకుండా రోజూ తిప్పే పని ఆమెకే పడింది. ఆ మూడు నెలల్లో తిప్పడమే కాదు, లైసెన్సు కూడా తెచ్చుకుంది.

అత్తగారు వినగానే బుగ్గలు నొక్కుకుంది. "అంతెత్తు బండేంటమ్మాయ్! నిచ్చెనేసుకుని ఎక్కుతావా? ఎక్కావే అనుకో, కాళ్లు కిందికి ఆనొద్దూ?"

ఆమె ఎత్తు ఐదడుగులకి ఒకటిన్నర అంగుళం ఎక్కువ. అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు.

భర్త మాత్రం అత్తగారిలా కొట్టిపారెయ్యలేదు. అదే పెద్ద ప్రమాదమైంది. ఉత్సాహపడ్డాడు. వారం రోజులు ఫోన్లో వీడియోలు చూసి, సీసీలు, హార్స్‌పవర్లు, స్క్రీన్లు కంఠతా ఒప్పజెప్పాడు. తన స్నేహితుల గ్రూపులో పెట్టాడు. "కొంటే ఇదే కొనాలి. ఆదివారాలు నేను కూడా లాంగ్ రైడ్‌కి తీసుకెళ్లొచ్చు," అని ఒక భారీ బండి చూపించాడు. ఆమె పని దినాలు ఆరు. అతను బండి ఎంచింది ఏడో రోజు కోసం.

షోరూమ్‌లో సేల్స్‌మ్యాన్ మాటలన్నీ అతనితోనే. ఇంజన్ గురించి అతనికే చెప్పాడు, సర్వీసు గురించి అతనికే చెప్పాడు, బండెక్కించి ఫోటో కూడా తీశాడు. తర్వాత ఆమె చేతికి ఒక అట్ట ఇచ్చి, "మేడమ్, రంగు మీ ఇష్టం," అన్నాడు. నాలుగు రంగులున్నాయి. ఆమె జీతంలోంచి ఐదేళ్లు కట్టబోయే బండిలో ఆమె వంతు అదన్నమాట. ఆమె ఆ అట్టని అటూ ఇటూ తిప్పి, "దీని బరువెంత?" అని అడిగింది.

"రెండు వందల కిలోల పైనే మేడమ్, రోడ్డు మీద గట్టిగా కూర్చుంటుంది," అన్నాడు సేల్స్‌మ్యాన్, ఆమె భర్తని చూస్తూ.

బయటికొచ్చాక భర్త అన్నాడు, ఈసారి ఉత్సాహంగా కాదు, నిజంగా భయపడుతూ. "సరే గానీ, ఆ కొండ మీద పడితే? నువ్వొక్కదానివే ఉంటావు. ఎవరు లేపుతారు?"

వారం రోజులు ఆ మాట కూరగాయలు తరుగుతుంటే, గిన్నెలు తోముతుంటే, జోకులకి నవ్వుతుంటే కూడా ఆమెని వదల్లేదు. కళ్లు మూసుకుంటే రాళ్ల దారిలో పక్కకి పడి ఉన్న బండి, దాని పక్కన నిలబడి అటూ ఇటూ చూస్తున్న తను. ఎవరో మగమనిషి వచ్చేదాకా అలా నిలబడి ఉండాలి. ఆ తర్వాత ఆయనకి నవ్వాలి. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది. రికార్డుల గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది.

ఆఫీసు గోడవతల షెడ్డులో ఆఫీసు జీపులు బాగుచేసే మెకానిక్ పెద్దాయన ఉన్నాడు. నడుముకి ఎప్పుడూ వెడల్పాటి బెల్టు కట్టుకుని తిరుగుతాడు. మధ్యాహ్నం కొండ దిగొచ్చాక, అన్నాల వేళ వెళ్లి, సిగ్గు విడిచి అదే మాట ఆయన్ని అడిగేసింది. "పడితే ఎలా లేపాలండీ?"

పెద్దాయన ఆమెని ఎగాదిగా చూడలేదు. నట్లు కడుగుతున్న చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "అందరూ పడకుండా ఎలా నడపాలి అని అడుగుతారమ్మా. మట్టిలో తిరిగే బండి పడుద్ది. నేనూ పడ్డా. కండలున్నాయి కదాని వంగి లేపా. అదిగో, ఇరవయ్యేళ్లుగా ఈ బెల్టు." షెడ్డు మూల నుంచి ఒక పాత బండి తోసుకొచ్చి, గోనెసంచులు పరిచి, దాని మీద పక్కకి పడుకోబెట్టాడు. "రండి. ముందు ఇంజను ఆపాలి. గేర్లో ఉంచండి, లేకపోతే లేపేటప్పుడు జారిపోద్ది. కుడివైపు పడితే, లేపక ముందే స్టాండు తీసి పెట్టుకోవాలి. హ్యాండిలు పూర్తిగా నేల వైపు తిప్పండి. ఇప్పుడు బండికి మీ వీపు చూపించండి."

"వీపా?"

"వీపే. బండికి దణ్ణం పెడుతున్నట్టు వంగితే నడుం పోద్ది. వెనక్కి తిరిగి, సీటు అంచుకి ఆనుకుని కూర్చున్నట్టు కూర్చోండి. ఒక చెయ్యి హ్యాండిలు మీద, ఒక చెయ్యి వెనక కడ్డీ మీద. చేతులతో ఎత్తొద్దు, పట్టుకోండంతే. ఇప్పుడు కాళ్లతో వెనక్కి నడవండి. చిన్న చిన్న అడుగులు. తొందరేం లేదు."

మొదటిసారి కదల్లేదు. రెండోసారి కదిలి, మళ్లీ పడుకుంది. మూడోసారి వీపుకి బరువు తగిలి, ఆ బరువు మెల్లగా పైకి రావడం తొడల్లో తెలిసింది. నాలుగో అడుగుకి బండి నిటారుగా నిలబడిపోయింది. ఆమె తన కాళ్ల వైపు చూసుకుంది. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు మెట్లెక్కించిన కాళ్లు, మంచం పట్టిన మామగారిని ఏడాదిన్నర పాటు లేపి కూర్చోబెట్టిన కాళ్లు. ఆ పనుల్లో ఏ ఒక్కదాన్నీ ఎవరూ బలమనుకోలేదు. ఆమె కూడా అనుకోలేదు.

వారం రోజులు అన్నాల వేళ అదే పని. పెద్దాయన ఇంకో రెండు సంగతులు చెప్పాడు. ఆగేటప్పుడు రెండు కాళ్లూ ఆననక్కర్లేదు, నడుం కాస్త పక్కకి జరిపి ఒక్క కాలు ఆనిస్తే చాలు. కొనేటప్పుడు హంగులు చూడొద్దు, పడితే విరిగే ప్లాస్టిక్ ముక్కలు ఎన్నున్నాయో, క్లచ్ లివర్ ధరెంతో చూడాలి. "ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు లేపగలిగిన బండే కొనండి. లేపలేని బండి ఎంత మంచిదైనా మీది కాదు."

శనివారం సాయంత్రం భర్తతో కలిసి మళ్లీ షోరూమ్‌కి వెళ్లింది. సేల్స్‌మ్యాన్ భర్తకి నమస్కారం పెట్టి, భారీ బండి దగ్గరికి నడవబోయాడు.

"టెస్ట్ రైడ్ బండ్లు మూడూ బయట పెట్టించండి. పక్కన కాస్త రబ్బరు మ్యాట్ వేయించండి," అంది ఆమె.

"మ్యాట్ ఎందుకు మేడమ్?"

"బండ్లని పడుకోబెట్టాలి."

సేల్స్‌మ్యాన్ భర్త వైపు చూశాడు. భర్త గోడ మీది పోస్టర్ వైపు చూశాడు. "మేడమ్, అలా ఎవరూ... కస్టమర్లు నడిపి చూస్తారు గానీ..."

"నడపడం నాకొచ్చు. పడితే లేపగలనో లేదో చూసుకోవాలి. గీతలు పడవులెండి, నెమ్మదిగా పడుకోబెడతాను. లేదంటే ఎదురుగా ఇంకో షోరూమ్ ఉంది కదా."

మేనేజరు బయటికొచ్చాడు, ఇద్దరు ముగ్గురు కస్టమర్లు కూడా వచ్చారు. ఆమెకి ఇంటికెళ్లిపోదామనిపించింది. అయినా భర్త ఎంచిన భారీ బండి ముందుకెళ్లి, వీపు తిప్పి, ఆనుకుని, అడుగులు వేసింది. కొంచెం లేచింది. ఇంకొంచెం లేచింది. తొడలు వణికాయి, అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా మళ్లీ పడుకోబెట్టేసింది.

"ఇది బరువెక్కువ. నాకొద్దు," అంది. అన్నాక తనకే ఆశ్చర్యమేసింది. నావల్ల కాదు అనే మాట ఇన్నేళ్లలో ఎన్నిసార్లు అందో, అన్నప్పుడల్లా ఎంత చిన్నబోయిందో. ఇప్పుడు ఆ తప్పు ఆమెది కాదు, బండిది. రెండోది లేచింది గానీ, పక్కనున్న ప్లాస్టిక్ రెక్క పటుక్కుమంది. మూడోది అప్పటిదాకా మూలన దుమ్ము పట్టి ఉన్నది. స్క్రీను లేదు, హంగులు లేవు, ఇంజను చిన్నది, బరువు నూట నలభై లోపు, మూడింట్లోకీ చవక. ముందు చక్రం మాత్రం అన్నిటికన్నా పెద్దది. అది నాలుగడుగుల్లో లేచి నిలబడింది. చూస్తున్నవాళ్లలో ఎవరో చప్పట్లు కొట్టారు.

"నేనోసారి చూస్తా," అని భర్త భారీ బండి దగ్గరికెళ్లాడు. వంగి, రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని, ముఖం ఎర్రబడేదాకా లాగాడు. బండి జానెడు లేచి కూలబడింది. అతను నడుం పట్టుకుని లేచి, "చెప్పు జారింది," అన్నాడు. అతను వేసుకున్నది బూట్లు. ఆమె సరిగ్గా ఎలా లేపాలో చెప్పింది. అతను విన్నాడు గానీ, మళ్లీ ప్రయత్నించలేదు.

"మూడోది రాయండి. నా పేరు మీద," అంది సేల్స్‌మ్యాన్‌తో. ఈసారి అతను ఆమె ముఖం చూసే మాట్లాడాడు.

ఆ వార్త ఆఫీసులో తెలిసి జోకులాయన నిజంగానే బాధపడ్డాడు. "ఇక మా జోకులు వినేదెవరు మేడమ్?" అన్నాడు. ఆమె ఆ మాటకి నవ్వింది. బలవంతాన కాదు, అది నిజంగానే బాగుంది.

ఒకటో తారీఖు పొద్దున ఆమె భర్త చొక్కా ఇస్త్రీ చెయ్యలేదు. చేసి ఉండేదేమో గానీ, ఐస్ పెట్టెని వెనక క్యారియర్‌కి బిగించడంలోనే టైము గడిచిపోయింది. అతను నలిగిన చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడి, "హెల్మెట్ సరిగా పెట్టుకో," అన్నాడు. అత్తగారు కిటికీలోంచి చూస్తూ, ఒక్క కాలైనా నేలకి ఆనిందో లేదో లెక్క చూసుకుని లోపలికెళ్లింది.

తారు రోడ్డు దాటి మట్టిదారి మొదలయ్యాక భయమేసింది. నాలుగో మలుపులో కంకర మీద వెనక చక్రం జారి, బండి కుడివైపుకి ఒరిగి, ఆమెని పక్కకి దించేసి, తను పడుకుంది. ఆమె లేచి మోచేయి చూసుకుంది. కొద్దిగా దోక్కుపోయింది. చుట్టూ చూసింది. ఒక్క మనిషి లేడు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుంటే కనపడిన దృశ్యం ఇదే. అందులో తను ఇంత తీరిగ్గా ఉంటుందని మాత్రం ఊహించలేదు. ఇంజను ఆపింది. గేరు వేసి ఉంది. స్టాండు తీసింది. వీపు తిప్పింది. ఐదడుగులు. సీసాలు ఒక్కటి కూడా పగల్లేదు. మోచేతి మీది మట్టి దులుపుకుని మళ్లీ బండెక్కింది.

ఆ రోజు ఎనిమిది చోట్లా నీళ్లు పట్టింది. పై ఊటలు రెండూ కూడా. దారిలో రెండుసార్లు నీళ్లు తాగింది. నీళ్ల పరీక్షలు చేసే మనిషి, ఏడేళ్లుగా పొద్దుట్నుంచి మధ్యాహ్నం రెండు దాకా చుక్క నీళ్లు తాగేది కాదు. తాగితే ఎక్కడో ఒకచోట బండి ఆపమని జోకులాయన్ని అడగాలి, ఎందుకని ఆయన అడగకపోయినా ఆయనకి తెలుస్తుంది, ఆ చెట్లచాటుకి వెళ్లి వచ్చేదాకా ఆయన ఈల వేస్తూ ఎదురు చూస్తుంటాడు. ఆ ఈల ఆమెకి ఇప్పటికీ గుర్తే. ఇవాళ కడుపునిండా తాగింది, అవసరమైనప్పుడు తనే బండి ఆపింది, మళ్లీ బయల్దేరింది. నాలుగున్నర గంటల్లో సీసాలు ల్యాబ్‌లో ఉన్నాయి. ఫారంలో ఒక్క గడి కూడా ఖాళీ లేదు. అధికారి దాన్ని చూసి, "అన్నీ అయ్యాయే!" అని, "మీకెలాగూ బండి ఉంది కాబట్టి, అవతలి గుట్ట రౌండు కూడా..." అని మొదలెట్టాడు.

"లేదు సార్. ఇది ఒక్కటే నా రౌండు," అంది. అధికారి సరేనన్నాడు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని తెలిస్తే ఎప్పుడో అనేది.

సాయంత్రం ఇంటికొస్తుంటే ఊరి బయట రోడ్డు వాలుగా దిగుతుంది. అక్కడ కింద పొలాలు, వాటి మధ్య ఒక కాలవ, కాలవలో ఎండ. ఏడేళ్లుగా ఆ వాలులో దిగుతూనే ఉంది, ఎవరి వీపు వెనకో. బండి పక్కకి తీసి, స్టాండు వేసి, రోడ్డు పక్క బండరాయి మీద కూర్చుంది. పదిహేను నిమిషాలైందో, అరగంటైందో చూసుకోలేదు.

ఫోన్ మోగింది. "ఎక్కడున్నావు? ఆరవుతోంది," అన్నాడు భర్త. గొంతులో కోపం కన్నా కంగారే ఎక్కువ.

"దారిలో ఆగాను."

"ఏం, బండేమన్నా పాడైందా?"

"లేదు, బాగానే ఉంది."

"పడ్డావా?"

"పొద్దున పడ్డాం. లేచాం."

"మరి ఇప్పుడెందుకు ఆగావు?"

ఆమె వెతికింది. ఇంటికి ఆలస్యమైన ప్రతిసారీ అతనికి చెప్పడానికి ఒక కారణం తయారుగా ఉంచుకునేది. ఇవాళ ఎంత వెతికినా ఒక్కటి కూడా దొరకలేదు.

"ఆగాలనిపించింది," అంది.